ఆగ్నేయ మూల

నేను ఫ్యాక్టరీ గేటు ముందు కారు ఆపేసరికి పదకొండూ ఇరవై. మనిషి చనిపోయి అప్పటికి ఐదు గంటల పది నిమిషాలు. కమిటీ వాళ్లు వచ్చేది మూడింటికి. మధ్యలో మిగిలిన మూడు గంటల నలభై నిమిషాల్లో ఒక ఇంటి కప్పు ఎందుకు కూలిందో నేను చెప్పాలి. చెప్పలేకపోతే మహేశ్వరి జైలుకు పోతుంది.

మహేశ్వరి ఈ ఫ్యాక్టరీ యజమానురాలు. ఆత్మకూరు పిల్ల, సివిల్ ఇంజినీరు. పొద్దున ఎనిమిదింటికి కడపలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"తనూజక్కా, జయరాజ్ సార్ చచ్చిపోయినాడు. మా కప్పు ఆయన మీద పడింది. కానీ అది పడే కప్పు కాదక్కా."

కూలిన ప్రతిదాని యజమానీ ఈ మాటే అంటాడు. పన్నెండేళ్లు ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు విచారించాను, ఏడేళ్లుగా సొంతంగా డిటెక్టివ్ పని చేస్తున్నాను. ఈ మాట నమ్మి ఎన్నిసార్లు దెబ్బతిన్నానో నాకే తెలుసు. అయినా బయల్దేరాను. ఆ పిల్ల ముందు చనిపోయిన మనిషి పేరు చెప్పి, ఆ తర్వాతే తన కప్పు సంగతి ఎత్తింది. అలాంటి యజమానుల్ని నేను పెద్దగా చూడలేదు.

ఇక్కడ ఇళ్లు కట్టరు, తయారు చేస్తారు. గోడలూ కప్పూ ఫ్యాక్టరీలో అచ్చుపోసి, లారీలో తీసుకెళ్లి, బోల్టులతో బిగిస్తారు. ఒక్క రోజులో ఇల్లు నిలబడుతుంది. ఒక్క రోజులో నిలబడే ఇంటికి అనుమతి తెచ్చుకోవడానికి మాత్రం మహేశ్వరికి రెండేళ్లు పట్టింది. నిప్పు పరీక్ష అన్నారు, వాన పరీక్ష అన్నారు, గాలి పరీక్ష అన్నారు. ప్రతి కాగితానికీ ఇంకో కాగితం తెమ్మన్నారు. చిట్టచివరిది బరువు పరీక్ష. ఆవరణలో నమూనా ఇల్లు నిలబెట్టి, కప్పు మీద ఇసుక బస్తాలు పేర్చి, ఇరవై నాలుగు గంటలు ఉంచాలి. కప్పు ఎంత కిందికి వంగిందో గంటకోసారి బయటి ఇంజినీరు లోపలికి వెళ్లి చూసి రాయాలి. ఫ్యాక్టరీ మనుషులెవరూ ఆ ఇంటి దరిదాపులకు పోకూడదు. ఆ బయటి ఇంజినీరే జయరాజ్, కడపలోని ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రం మనిషి. నిన్న పదింటికి మొదలైన పరీక్ష ఇవాళ పదింటికి ముగియాలి. ఆరూ పదికి కప్పు కూలింది.

మూడింటికి రాష్ట్ర అనుమతి కమిటీ వస్తుంది. దాని పెద్ద ప్రకాశం గారు. కప్పు తనంతట తానే కూలిందని ఆయన రాస్తే ఫైలు శాశ్వతంగా మూతపడుతుంది. పోయినేడు గాలివానకు రేకుల కొట్టాలు లేచిపోయి టార్పాలిన్ పట్టల కింద బతుకుతున్న ఎనభై ఆరు కుటుంబాలకు ఈ ఇళ్లు రావు. నిర్లక్ష్యంతో మనిషిని చంపిందని మహేశ్వరి మీద కేసు పడుతుంది. ఎవరికి ఏం పోతుందో నాకు బాగా అర్థమైంది. కారు దిగాను.

నమూనా ఇంటి ముందు నీడలో కుర్చీ వేసుకుని సి.ఐ. దావీదురాజు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినారా మేడమ్? మీరు రాకుండా ఈ రెండు జిల్లాల్లో గోడ గూడ కూలగూడదు మాదిరి ఉండాది."

ఆరేళ్ల కిందట బద్వేలులో పత్తి గోడౌను కాలిపోతే ఈయన కావలివాణ్ణి అరెస్టు చేశాడు. నిప్పు పెట్టింది యజమానేనని నేను రుజువు చేశాను. ఈలోగా ఆ కావలివాడు నలభై ఒక్క రోజులు జైల్లో ఉన్నాడు. ఆ సంగతి దావీదురాజూ మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు.

"ఏమని రాసుకున్నారు సార్?"

"రాయడానికేముండాది? బరువు పెట్టినారు, కప్పు పడింది, మనిషి పోయినాడు. నాలుగింటికి ఆయమ్మను స్టేషనుకు తీసకపోతా."

"నన్ను లోపల చూడనివ్వండి."

"ఆ కప్పు కిందనా? అది మీద పడితే ఆ కేసు గూడ నేనే రాసుకోవల్ల."

"రాసుకోండి. మీకు నా పేరు రాయడం అలవాటే."

ఆయన గడియారం చూసుకుని, "ఇరవై నిమిషాలు," అన్నాడు.

కప్పు పడమటి అంచు ఇంకా గోడ మీదే ఉంది. తూర్పు అంచు జారి నేలకు దిగింది. శవాన్ని తీయడానికి పొద్దున బస్తాలు దించి, క్రేనుతో ఆ అంచును మూడడుగులు లేపి, కింద దుంగలు పేర్చారు. ముందు బయటే నిలబడి ఆ కప్పును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. దావీదురాజు నా వెనకే వచ్చాడు.

"సార్, బలం చాలని కప్పు ఎక్కడ విరుగుతుంది?"

"నడుమ."

"ఇది నడుమ విరిగిందా? ఒక్క పగులు చూపించండి."

ఆయన చూశాడు. పగులు లేదు.

"అయితే గోడ పట్టు వదిలింది," అన్నాడు. "అదీ వాళ్ల తప్పే గదా? నడుమ విరిగితే ఒక తప్పు, పక్క జారితే ఇంకో తప్పు."

ఆ మాటలో న్యాయం ఉంది. ఈ మనిషి మొండివాడే గాని తెలివితక్కువవాడు కాదు. తూర్పు గోడ దగ్గరికి నడిచాను. గోడ లోపలి వైపు ఒక ఇనుప పట్టీ బిగించి దాని మీద కప్పు అంచును ఆనించారు. ఆ పట్టీని పట్టి ఉంచేవి గోడ గుండా దూరిన ఆరు బోల్టులు. వాటికి తల ఉండదు; లోపలి కొస పట్టీ మరలో దిగుతుంది, నట్టు బయటి వైపు ఉంటుంది. అటు రెండు చివర్ల ఉన్న రంధ్రాల చుట్టూ సిమెంటు పెచ్చులూడిపోయింది, బోల్టులు వంగి వేలాడుతున్నాయి. నడుమ ఉన్న నాలుగు రంధ్రాలు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. వాటిలో బోల్టులు లేవు. గోడ కింద శిథిలాల్లో వెతికాను, అక్కడా లేవు.

"తెగిపోయి యాడనో పడింటాయి," అన్నాడు దావీదురాజు.

"తెగిన బోల్టుకు సగం ముక్కయినా రంధ్రంలో మిగులుతుంది సార్. ఆ రెండింటికీ మిగిలింది చూడండి. ఈ నాలుగింటికీ ఏం మిగిలింది?"

వంగి, దుంగల మధ్య నుంచి కప్పు కిందికి పాకాను. చెప్పడానికి సిగ్గెందుకు, నాకు భయం వేసింది. నా వీపుకు అడుగు దూరంలో కొన్ని టన్నుల బరువు ఉంది.

ఈ పరీక్షకు ఇంకో నియమం ఉంది. కప్పు కింద నాలుగు ఇనుప పోట్లు, వీళ్లు జాకీలంటారు, కప్పుకు అంగుళం కిందగా నిలబెట్టి ఉంచాలి. కప్పు దిగితే అవి ఆపుతాయి, లోపలున్న మనిషి బతుకుతాడు. నాలుగు జాకీలూ వెనక గోడ పక్కన వరసగా పడుకోబెట్టి ఉన్నాయి.

"ఈ జాకీలు ఎవరు తీశారు?" లోపల నుంచే అరిచాను.

"శవాన్ని తీసేటప్పుడు మావోళ్లు పీకినారు."

"పీకారా, పీకి ఉంటారా?"

"పీకింటారు," అని సరిచేసుకున్నాడు.

ప్రతి జాకీ నిలబెట్టే చోట నేల మీద పసుపు రంగుతో చదరం గీసి అంకె వేశారు. రెండో నంబరు చదరం ఆగ్నేయ మూలన, వంటకు వదిలిన చోట ఉంది. నలిగిపోయిన మూడు ఇటుకలు, తడిబూడిద, ఆ చదరం మీద నల్లటి మసి. మసి చుట్టూ మాడిన పాల మరక. మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాను. పాలే. ఒక ఇటుక ముక్కకు పసుపు రాసి కుంకుమ పెట్టిన గుర్తు ఉంది. పక్కన దుమ్ములో అణిగిపోయిన చిన్న ఇత్తడి దీపపు కుంది దొరికింది.

మసిలోనే అసలు సంగతంతా ఉంది. జాకీ అడుగున జానెడు ఇనుప పలక ఉంటుంది. జాకీ నిలబడి ఉండగా అక్కడ ఎవరూ పొయ్యి పెట్టలేరు. పక్కన పెట్టినా పలక ఉన్నంత మేర నేల తెల్లగా మిగలాలి. చదరమంతా మసే. అంటే పొయ్యి వెలిగేసరికే అక్కడ జాకీ లేదు. పోలీసులు రావడానికి, కప్పు కూలడానికి ముందే దాన్ని ఎవరో తీసేశారు.

శవం ఉన్న చోటు సుద్దతో గీసి ఉంది. కాళ్లు తలుపు వైపు, చేతులు రెండూ ఆగ్నేయ మూల వైపు చాచి ఉన్నాయి. కప్పు వంపును చూపించే, గడియారాల్లాంటి మీటర్లు మాత్రం నడుమనా, పడమటి పక్కనా ఉన్నాయి. బయటికి పాకి వచ్చి, చీర దులుపుకున్నాను.

"జయరాజ్ రీడింగులు రాసే పుస్తకం ఎక్కడ దొరికింది?"

"బయట బల్ల మీద. పైన రాయి పెట్టింది."

"రీడింగు రాసుకోవడానికి వచ్చినవాడు పుస్తకం బయటే పెట్టి వస్తాడా? వచ్చి, గడియారాలు లేని మూలకు పోతాడా?"

"లోపల టీ పెట్టినారేమో కూలోళ్లు. అది సూడ్డానికి పోయుంటాడు."

"టీ కాచే ఇటుకలకు బొట్టు పెడతారా సార్? అక్కడ పాలు పొంగించారు. ఆగ్నేయ మూల చూసుకుని మరీ పొంగించారు."

పుస్తకం తెప్పించి చూశాను. చక్కటి చేతిరాత. నాలుగు గంటల వరస, ఐదు గంటల వరస నిండి ఉన్నాయి. ఆరు గంటలది ఖాళీ. ఐదు గంటల వరస చివర "జాకీలు నాలుగూ ఉన్నవి" అని రాసి సంతకం చేశాడు.

మహేశ్వరి ఆఫీసు గది గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. ఒక్కటే అడిగాను.

"పరీక్ష అయ్యాక ఈ నమూనా ఇంటిని ఏం చేస్తారు?"

"విప్పి కాలనీకి తీసకపోతామక్కా. ఒకటో నంబరు ఇల్లు ఇదే."

"ఎవరికి?"

"సుంకమ్మకు. మా దగ్గరే ఇసుక జల్లిస్తుంది. ఆలూరు పక్క మనిషి."

అప్పటికి పన్నెండూ ముప్పై అయిదు.

సుంకమ్మ కూలీల షెడ్డులో చివర, ముఖం మీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగలేదని పక్కనున్నవాళ్లు చెప్పారు. వాళ్లను బయటికి పంపి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పొంగించావా అని అడిగితే లేదంటుంది. అందుకని అలా అడగలేదు.

"పాలు ఎన్ని గంటలకు పొంగినాయి సుంకమ్మా?"

కొంగు తీసి నా వైపు చూసింది. ఆ చూపులో తప్పించుకునే ఆలోచన కూడా లేదు.

"నా నిప్పేనమ్మా," అంది. "నా నిప్పుకే కప్పు ఊడింది. నేనే సంపినా ఆ సార్ను."

"ముందు జరిగింది చెప్పు."

"ఎల్లుండి నుంచి మూఢమంట. మూడు నెల్లు మంచి పొద్దు లేదని అయ్యవారు సెప్పినాడు. ఈ పొద్దు తెల్లారుజామున నాలుగూ నలభై ఎనిమిదికి ఉండాదని కాయితం మీద రాసిచ్చినాడు."

కొంగు చివర ముడి విప్పి ఆ కాగితం చూపించింది.

"ఇల్లు కాలనీకి వచ్చినాక పొంగించుకోవచ్చు గదా?"

"ఇల్లు ఈడనే పుట్టింది గదమ్మా. రేపు లారీ ఎక్కుతాది, యాడనో దిగుతాది. పుట్టినకాడ పొంగియ్యల్లనా, దిగినకాడ పొంగియ్యల్లనా? అయ్యవారిని అడిగితే ఆయప్పకూ తెలీలే. శానాసేపు ఆలోచన జేసి, గోడలు నిలబడి కప్పు ఎక్కినాక అది ఇల్లేలే అన్నాడు."

నాకు తెలిసిన ఏ శాస్త్రంలోనూ ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ అయ్యవారిని తప్పుపట్టలేకపోయాను.

"లోపలికి ఎన్నింటికి పోయినావు?"

"నాలుగూ నలభైకి. సెల్లులో సూసుకున్నా."

"ఆ మూలన ఇనుప పోటు ఉండిందా?"

"లేదే. ఉంటే పొయ్యి యాడ పెడ్తును? నాలుగూ గోడకాడ పండబెట్టిండ్రి."

"బయటికి ఎప్పుడొచ్చినావు?"

"పాలు పొంగినాక ఇంత పరమాన్నం జేసి, దండం పెట్టుకొని వచ్చేతలికి ఐదూ ఇరవై."

"ఆ మధ్యలో జయరాజ్ సార్ లోపలికి వచ్చినాడా?"

"ఎవురూ రాలే. సార్ గదిలో లైటు ఎలుగుతాండె. ఆయప్ప వస్తే తిడతాడని భయపడతానే ఉంటి. రాలే."

ఐదింటికి లోపలికి రాని మనిషి, ఐదింటికి జాకీలు నాలుగూ ఉన్నాయని రాశాడు. ఆ మాట కింద గీత గీశాను. ఇంకొక్క ప్రశ్న మిగిలింది.

"వచ్చేటప్పుడు నిప్పు ఆర్పినావా?"

"నీళ్లు పోసి ఆర్పినా. దీపం మాత్రం ఆర్పలే. పాలు పొంగిన ఇంట్లో దీపం ఎట్ల ఆర్పుతారమ్మా? తలుపు దగ్గరికేసి వచ్చినా."

ఆ మాట విన్నాక నాకు జరిగిందంతా వరసగా కనిపించింది. సుంకమ్మ నా ముఖమే చూస్తోంది.

"ఈ కప్పును కొలిమిలో పెట్టి గంటల తరబడి కాల్చి పరీక్ష చేసినారు," అన్నాను. "నీ మూడు రాళ్ల పొయ్యికి అది ఊడదు. నీ నిప్పు ఆయన్ను చంపలేదు."

"నిజమానమ్మా?"

"నిజం."

అది నిజమే. అంతవరకే చెప్పి లేచాను. మిగతాది చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

దావీదురాజుకు సుంకమ్మ చెప్పింది చెప్పేసరికి ఒంటిగంటన్నర. ఆయన ఊరుకోలేదు.

"ఇంగేమి మేడమ్! పోలీసోళ్ల పని మీరే జేసి పెట్టినారు. పొయ్యి పెట్టింది ఆయమ్మ, పెట్టనిచ్చింది ఈయమ్మ. ఇద్దరినీ తీసకపోతా."

"బద్వేలు కావలివాణ్ణి తీసుకెళ్లినట్టా?"

కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "ఆ మాట ఇంగొక్కసారి అంటే మిమ్మల్ని గేటు బయట పెట్టిస్తా. తప్పు జేసినా, ఒప్పుకుంటా. ఆ ముసలాయన కొడుక్కు నేనే హోంగార్డు పని ఇప్పిచ్చినా, అది మీకు తెలుసునా?"

తెలియదు. ఆరేళ్లుగా ఈ మనిషిని ఒకే కంటితో చూస్తున్నాను. క్షమాపణ చెప్పాలనిపించింది గాని టైము లేదు.

"సార్, ఒక్క పని చేయండి. శవం మీద దొరికిన వస్తువుల జాబితా చదవండి. ఆ తర్వాత ఎవర్ని తీసుకెళ్తారో మీ ఇష్టం."

కోపంగానే కాగితం తీశాడు. "సెల్‌ఫోను ఒకటి. పర్సు. చేతిరుమాలు. తాళాలు రెండు. ఇనుప నట్లు నాలుగు."

"ఎన్ని?"

ఈసారి ఆయన గొంతు తగ్గింది. "నాలుగు."

"ఏ జేబులో?"

"ప్యాంటు కుడి జేబులో. ఇంజినీరు గదా, ఉంటాయిలే అనుకుంటిమి."

కవరులోంచి నట్లు తెప్పించాడు. తూర్పు గోడకు వేలాడుతున్న బోల్టు ఒకటి ఊడదీసి, ఆయనే నట్టు తిప్పి చూశాడు. సాఫీగా ఎక్కింది. రెండోదీ ఎక్కింది. మూడోది తిప్పబోయి ఆగిపోయాడు. ఆ తర్వాత ఆయన మనుషులు గోడ వెనకంతా గాలించారు. ఖాళీ గోనెసంచుల కింద నాలుగు బోల్టులు, స్పానరు దొరికాయి. నిచ్చెన పక్కనే పడి ఉంది. పొద్దున్నుంచి అందరూ దాన్ని చూస్తూనే ఉన్నారు.

నట్లు విప్పే ఎవరికైనా ఒక అలవాటు ఉంటుంది. విప్పిన నట్టు మట్టిలో పడి పోతుందని జేబులో వేసుకుంటారు. మెకానిక్కులు, కరెంటు పనివాళ్లు, ఇంజినీర్లు, అందరూ అంతే. కావాలని చెడగొడుతున్నప్పుడు కూడా జయరాజ్ చెయ్యి ఆ అలవాటు మానలేదు.

"అంటే పరీక్ష జేసేవాడే పడగొట్టినాడా?" అన్నాడు దావీదురాజు.

"నాలుగింటి తర్వాత జాకీలు తీసి పక్కన పెట్టాడు. ఇక లోపలికి పోలేదు. ఐదింటి రీడింగు గదిలో కూర్చుని రాశాడు. తెల్లవారి బోల్టులు కనిపించే వెలుతురు వచ్చాక, నిచ్చెన వేసి బయటి నుంచి విప్పడం మొదలుపెట్టాడు. కప్పు పడిపోయింది, పరీక్ష తప్పింది అని రాస్తే చాలు. ఎవర్నీ చంపాలనుకోలేదు. లోపల ఎవరూ లేరనుకున్నాడు."

"మరి తాను విప్పిన కప్పు కిందికి తానే ఎందుకు పోయినాడు?"

"చివరగా, ఆగ్నేయ మూల వైపున్న నాలుగో బోల్టు లాగాక ఆ రంధ్రంలోంచి వెలుగు కనిపించింది. తలుపు మూసిన చీకటింట్లో దీపం వెలుగుతోంది. దీపం ఉందంటే మనిషి ఉన్నట్టే కదా. పుస్తకం లేదు, పెన్ను లేదు, చుట్టూ తిరిగి లోపలికి పరిగెత్తాడు. చేతులు ఎటు చాచి పడ్డాడో మీరే సుద్దతో గీశారు. మిగిలిన రెండు బోల్టులు అంతసేపు ఆగలేదు."

దావీదురాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన చూపు నన్ను దాటి వెనక్కి పోయింది. తిరిగి చూశాను. సుంకమ్మ నిలబడి ఉంది.

"నా దీపం సూసి వచ్చినాడానమ్మా?"

ఈ పనిలో నేను చాలామందికి చాలా అబద్ధాలు చెప్పాను. ఆమెకు చెప్పలేకపోయాను.

"అవును సుంకమ్మా."

ఆమె కొంగు చివరి ముడి గట్టిగా బిగించుకుంది. దావీదురాజు నెమ్మదిగా అన్నాడు, "మేడమ్, నట్లు సగం చెప్తాయి. ఆయన ఐదింటికి లోపలికి రాలేదని, జాకీలు ముందే లేవని చెప్పే మనిషి ఈయమ్మ ఒక్కటే. ఈయమ్మ కమిటీ ముందర చెప్తేనే నిలబడతాది. చెప్తే, పరీక్ష ఇంట్లోకి దొంగగా పోయి నిప్పు పెట్టినానని ఒప్పుకున్నట్టే. నియమం తప్పినోళ్లకు ఆ జాబితాలో ఇల్లు ఉండదు. ఆ సంగతి గూడ ఈయమ్మకు తెలియల్ల."

సుంకమ్మ అంతా విన్నది.

"సెప్తా," అంది. "ఎనభై ఐదు ఇండ్లు వస్తాయి గదా, సెప్తా. కానీ ముందర ఆయమ్మకు సెప్పల్ల."

ఆఫీసు వసారాలో జయరాజ్ భార్య భువన కూర్చుని ఉంది. శవాన్ని కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లారు. భర్త చివరిసారి ఉన్న చోటు చూస్తానని ఆమె ఇక్కడికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఎవరూ ఆమెతో రెండు మాటలకు మించి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆమె భర్త తప్పును పట్టుకునే పనిలో ఉన్నాను.

రెండూ ముప్పై అయిదుకు, దావీదురాజూ నేనూ వెంట ఉండగా, సుంకమ్మ ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"అమ్మా, నేను తెల్లారుజామున ఆ ఇంట్లో పాలు పొంగిచ్చుకుంటి. దీపం పెట్టి వచ్చినా. నీ మొగుడు ఆ ఎలుగు సూసి, లోపల మనిషి ఉండాదనుకొని ఉరుక్కుంటా వచ్చినాడమ్మా. నాకోసరమే వచ్చినాడు. నేను లేను ఆడ."

భువన నా వైపు తిరిగింది.

"నిజమేనా?"

"నిజం. కానీ ఆ కప్పు విప్పింది కూడా ఆయనేనమ్మా. నట్లు జేబులో ఉన్నాయి." ఈ మాట నా నోటితోనే చెప్పాలనుకున్నాను. పోలీసు కాగితంలో చదువుకోవడం కన్నా అది మేలు.

ఆమె ఆశ్చర్యపోలేదు. అప్పుడే నాకు అర్థమైంది, ఈమెకు కొంత తెలుసు.

"పొద్దున్నుంచి అందరూ డ్యూటీలో పోయినాడు అంటాండారు," అంది. "నాకు మాత్రం తాను పడగొట్టిన దాని కిందనే పడినాడని తెలుసు. ఛీ, ఏమి మనిషి అనుకుంటా కూర్చున్నా." సుంకమ్మ వైపు వంగింది. "లోపల మనిషి ఉందనుకునే పోయినాడా అక్కా?"

"అవునమ్మా. ఉత్త చేతుల్తో వచ్చినాడు."

భువన ఏడ్చింది. సుంకమ్మ ఆమె పాదం మీద చెయ్యి వేసి ఉంచింది. టైము పోతోంది, అయినా దావీదురాజు కూడా తొందరపెట్టలేదు. చివరికి ఆమే కళ్లు తుడుచుకుని ఆయన వైపు చూసింది.

"రాసుకోండి సార్. నాలుగూ పదికి నాకు ఫోన్ చేసినాడు. ఎప్పుడో ఒక బిల్డింగును చూడకుండానే బాగుందని సంతకం పెట్టినాడంట. ఆ కాగితం చూపించి ఐదేండ్లుగా ఆడిస్తాండారు. ఈ ఫ్యాక్టరీ ఆయమ్మ లంచం ఇయ్యలేదంట, ఈ పొద్దు ఈ కప్పు పడిపోతే ఆ కాగితం చింపేస్తామన్నారంట. వద్దని ఏడ్చినా. మనుషులెవురూ లేరులే భువనా, ఉత్త ఇల్లు అన్నాడు."

"ఎవరు చింపేస్తామన్నది?" అన్నాడు దావీదురాజు.

"కమిటీ పెద్ద. ప్రకాశం సారు."

దావీదురాజు పెన్ను కాగితం మీదే నిలిచిపోయింది. గేటు దగ్గర హారను మోగింది. నా గడియారంలో రెండూ యాభై రెండు. ఎనిమిది నిమిషాలు ముందే మూడు తెల్ల కార్లు వరసగా ఆవరణలోకి వచ్చాయి. మొదటి కారులోంచి బట్టతల పెద్దమనిషి ఒకాయన దిగి, కూలిన ఇంటి వైపు కాకుండా, మేం నిలబడి ఉన్న వసారా వైపు చూశాడు.

ఆయనే ప్రకాశం అని సుంకమ్మకు తెలియదు. లేచి, కొంగు సరిచేసుకుని, నా దగ్గరికి వచ్చింది.

"ఆ పెద్దసారుకేనా నేను సెప్పల్సింది?"